పేకముక్కలలో రాణి, రసవాదములో స్త్రీ

పేక ఆడేవారికి రాజు ప్రక్కన రాణి ఉండడం ఎంత అలవాటంటే, ఆమె అక్కడికి ఎప్పుడు వచ్చినదని ఎవరూ అడగరు. హైదరాబాదు పాతబస్తీ గల్లీలలో బాద్‌షా, బేగం, గులాం అంటారు. తెలుగు పల్లెలలో రాజు, రాణి, జాకీ అంటారు. పేర్లు వేరు, ముక్కలు ఒకటే. ఈ రాణిలో ప్రాచీన ఈజిప్టు పురోహితుల స్త్రీతత్త్వ రహస్యము దాగి ఉన్నదని చెప్పే సాహిత్యము ఒకటి రెండువందల ఏండ్లకు పైగా పాశ్చాత్య దేశాలలో పెరిగి, ఇప్పుడు మన నగరాలకు కూడ చేరినది. దానికి ఆధారము టారో అనే పేకకట్ట. ఆ వాదము ఎంతవరకు నిలుస్తుందో పరీక్షించుట ఈ వ్యాసపు పని.

సైన్సు పత్రికకు ఈ గొడవ ఎందుకని ఉపాధ్యాయ మిత్రులు అడుగవచ్చును. మా తరగతిలో ఒక విద్యార్థిని, "రాణి అంటే నీరు, రాజు అంటే నిప్పు, స్త్రీ గుణము స్వీకరించుటే గాని చేయుట కాదు అని చదివినాను సార్, అది ప్రకృతి నియమమేనా?" అని అడిగినది. అడిగిన పిల్ల భౌతికశాస్త్రము చదువుతున్నది. ప్రకృతి నియమము అన్న మాట వాడినప్పుడు దానికి జవాబు చెప్పవలసినది మనమే.

టారో కట్టలో 78 ముక్కలు ఉంటాయి. అందులో 22 బొమ్మముక్కలు. తక్కిన 56 ముక్కలు నాలుగు రంగులు. ఒక్కొక్క రంగులో అంకెముక్కలు పది, దర్బారు ముక్కలు నాలుగు: రాజు, రాణి, ఆశ్వికుడు, బంటు. 1888లో లండనులో ఏర్పడిన 'గోల్డెన్ డాన్' అనే రహస్య సంఘమువారు ఈ నలుగురిని తండ్రి, తల్లి, కొడుకు, కూతురుగా భావించి, వరుసగా అగ్ని, జలము, వాయువు, పృథివి అనే నాలుగు భూతాలను వారికి పంచినారు. దేవుని హీబ్రూ నామములోని నాలుగు అక్షరాలను కూడ జోడించినారు. తండ్రి శక్తిని విసరేవాడు. తల్లి దానిని పట్టి, పొదిగి, రూపమిచ్చేది. దీనికి వారు చెప్పుకొన్న వంశము హెర్మిస్ ట్రిస్మెజిస్టస్ అనే పురాతన గురువుది. ఆయన పేరుతో కొన్ని గ్రీకు గ్రంథాలు ఉన్నవి. వాటిని ఆశ్రయించిన మార్మికవాదమునకే హెర్మెటిక్ అని పేరు.

ముందు ఈ వంశవృక్షము చూద్దాము. హెర్మిస్ గ్రంథాలు మోజెసు కాలమునాటివని ఐరోపా పండితులు చాలకాలము నమ్మినారు. 1614లో ఐజాక్ కాసబాన్ వాటి గ్రీకు భాషను పరిశీలించి, అవి క్రీస్తు తరువాతి తొలి శతాబ్దాలవని నిరూపించినాడు. టారో సంగతి ఇంకా చిత్రము. 1781లో కూర్ ద జెబెలాన్ అనే ఫ్రెంచి రచయిత ఆ ముక్కలు ఈజిప్టు పురోహితుల గ్రంథమని ప్రకటించినాడు. అప్పటికి ఈజిప్టు చిత్రలిపిని చదువగలవాడు భూమిమీద ఒక్కడూ లేడు. షాంపోలియన్ దాని గుట్టు విప్పినది 1822లో. ఆ తరువాత ఎన్ని శాసనాలు చదివినా టారో జాడ ఎక్కడా కనబడలేదు. అయినా కథ ఆగలేదు; 1850ల నాటికి ఎలిఫాస్ లెవీ దానికి హీబ్రూ వర్ణమాలను తగిలించినాడు.

మరి పేక ఎక్కడిది? ఇస్తాంబులులోని తోప్‌కాపి భవనములో ఈజిప్టును ఏలిన మమ్లూకు సుల్తానుల కాలపు పేకకట్ట ఒకటి ఉన్నది. గిన్నెలు, నాణెములు, కత్తులు, పోలో కర్రలు అని అందులో నాలుగు రంగులు. దర్బారు ముక్కలు మూడు: మలిక్, అంటే రాజు, ఆయన నాయబు, రెండవ నాయబు. రాణి లేదు. ఈ పేక ఐరోపాకు వచ్చిన కొద్దికాలానికే, 1377లో, రైన్‌ఫెల్డెన్ జాన్ అనే సన్యాసి పేకను గురించి వ్రాస్తూ కొన్ని కట్టలలో రాణులు కూడ ఉన్నారని చెప్పినాడు. అంటే ఈజిప్టునుండి వచ్చిన కట్టలో లేని రాణి ఐరోపాలో చేరినది! ఈజిప్టు రహస్యమని చెప్పేవారికి ఇంతకంటే చిక్కైన సాక్ష్యము ఉండబోదు.

బొమ్మముక్కలు ఉత్తర ఇటలీలో 1440 ప్రాంతమున చేరినవి, అవి కూడ ఆటకోసమే. ఆ తొలి రోజులలో మిలాను ప్రభువు విస్కోంటీ ఇంటికోసము చిత్రించిన కట్ట ఒకటి ఇప్పుడు అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయములో ఉన్నది. ఆ కట్టలో రంగునకు దర్బారు ముక్కలు నాలుగు కావు, ఆరు. రాజు, రాణి, గుఱ్ఱమెక్కిన వీరుడు, గుఱ్ఱమెక్కిన వనిత, బంటు, పరిచారిక. సగము స్త్రీలు, సగము పురుషులు! నాలుగు అక్షరాల సూత్రమును ఆ కట్టమీద పరచి చూడండి, ఇద్దరు ఎప్పుడూ మిగిలిపోతారు. చిత్రకారులు, వారికి సొమ్మిచ్చిన ప్రభువులు తమ ఇష్టమును బట్టి దర్బారును పెంచినారు, తగ్గించినారు. తత్త్వము తరువాత వచ్చినది.

మన దేశములో ఈ పరీక్ష ఇంకా బాగా చేయవచ్చును. మనకు గుండ్రని గంజిఫా ముక్కలు ఉండేవి. నిర్మల పట్టణపు నక్కాషీ చిత్రకారులు వాటిని చేసేవారు. మొగలాయి గంజిఫాలో ఎనిమిది రంగులు, రంగునకు పన్నెండు చొప్పున 96 ముక్కలు. అంకెముక్కలు పది పోగా దర్బారులో మిగిలేది మీర్, వజీర్ ఇద్దరే. ఇక్కడ కూడ రాణికి చోటు లేదు. కాని అబుల్ ఫజల్ తన ఐన్-ఇ-అక్బరీలో పన్నెండు రంగుల పాత గంజిఫాను వర్ణించినాడు. అశ్వపతి, గజపతి, నరపతి మొదలైన ఆ రంగులలో 'తీపతి' అనేది ఒకటి. మన స్త్రీపతియే ఆ రూపము దాల్చినది. ఆ రంగులో సింహాసనముమీద కూర్చున్నది రాణి. ఆమె వజీరు కూడ స్త్రీయే. ఎవరి ప్రక్కనో కూర్చున్న రాణి కాదు, ఏలే రాణి. నీరు, స్వీకారము అన్న మాటలు ఈమెకు ఏ విధముగా అతుకుతాయి? ఒక దేశపు పేకలో స్త్రీ లేదు, మరొక చోట భార్య, ఇంకొకచోట ప్రభువు. ఇవి ఆయా దర్బారుల అలవాట్లు, అంతే.

పేకను విడిచి రసవాదమునకు వస్తే, అసలు తమాషా అక్కడ ఉన్నది. టారో రాజు, రాణుల జంటకు హెర్మెటిక్‌వారు చూపే మూలము రసవాదపు ఎర్ర రాజు, తెల్ల రాణి. ఎర్ర రాజు గంధకము, తెల్ల రాణి పాదరసము. వారి వివాహమే లోహముల పుట్టుక. ఈ గంధక-పాదరస సిద్ధాంతము జాబిర్ పేరుతో ప్రసిద్ధమైన అరబ్బీ గ్రంథాలనుండి ఐరోపాకు పోయినది. అరబ్బీ సంప్రదాయములోను గంధకము తండ్రి, పాదరసము తల్లి. మన రసశాస్త్రములోనో? రసార్ణవము మొదలైన గ్రంథాల ప్రకారము పాదరసము శివుని తేజస్సు, గంధకము గౌరీదేవి రజస్సు. అక్కడి తల్లి ఇక్కడ తండ్రి అయినది!

చార్మినారు ప్రక్కనే నిజామియా తిబ్బీ కళాశాల, దాని యునానీ ఆసుపత్రి ఉన్నవి. అరబ్బీ రసాయన సంప్రదాయపు చుట్టరికము అక్కడి వైద్యమునకు ఉన్నది. ఆయుర్వేద వైద్యుడు హింగుళమని, యునానీ హకీము షింగర్ఫ్ అని పిలిచే ఎర్రని పదార్థము ఒక్కటే, పాదరస గంధకము. దానిలో స్త్రీ ఏది, పురుషుడు ఏది అని ఇద్దరి పాత గ్రంథాలను అడిగితే రెండు విరుద్ధమైన జవాబులు వస్తాయి. దానిని విడగొడితే మాత్రము ఇద్దరికీ 200.6 భాగాల పాదరసము, 32.1 భాగాల గంధకము వస్తాయి. ఈ అంకెలు సంప్రదాయమును బట్టి మారవు. లింగము మారినది. అంటే అది పదార్థములో లేదు, చూచేవాని భాషలో ఉన్నది.

ప్రతీకలను రసాయనశాలలో పరీక్షించడం అన్యాయమని, అవి కవిత్వమని కొందరు అంటారు. కవిత్వమని ఒప్పుకొంటే నాకు పేచీ లేదు. ఈ రెండు చూపులూ ఒకే ఇంట కాపురమున్న ఉదాహరణ మన నగరములోనే ఉన్నది. అఘోరనాథ చటోపాధ్యాయ ఎడింబరోలో డి.ఎస్‌సి. పట్టము పొంది, తరువాత నిజాం కళాశాల అయిన విద్యాలయమునకు తొలి అధిపతి అయినాడు. అంతటి రసాయనవేత్తకు రసవాదముమీద మమకారము పోలేదు. ఇంటి కొలువులో బంగారము చేసే ముచ్చట నడుస్తుండేది. ఆయన కుమార్తె సరోజినీ నాయుడు ఆ సంగతి ముచ్చటగా వ్రాస్తూ, తండ్రికి బంగారముమీది తపననూ కవికి అందముమీది తపననూ ఒక కోవకు చేర్చినది. కూతురు ఉపమానముగా చూచినది గనుక ఆమెకు అది దక్కినది. తండ్రి కొలిమిలో బంగారము రాలేదు.

మూల గ్రంథాల విషయములో కూడ న్యాయము చెప్పవలెను. హెర్మిస్ పేరిటి గ్రీకు గ్రంథాలలో మొదటిదానిలో పరమాత్మ స్త్రీయు పురుషుడును తానే అయినవాడు. మన అర్ధనారీశ్వరుని ఎరిగినవారికి ఇది క్రొత్త కాదు. దానిని అగ్నిగాను నీరుగాను చీల్చి, చేసేవాడు, పుచ్చుకొనేది అని పంచినది తరువాతివారు. ఆ పంపకము అరిస్టాటిలు నాటి జీవశాస్త్రమునకు సరిపోతుంది: పురుషుడు రూపమిచ్చును, స్త్రీ పదార్థమిచ్చును అని ఆయన మతము. కాని 1827లో ఫాన్ బేయర్ క్షీరదముల అండమును కనుగొన్నాడు. 1876లో హెర్ట్‌విగ్ సముద్రపు జీవి అయిన సీఅర్చిన్‌లో అండ, శుక్రకణముల కేంద్రకములు కలియుట చూచినాడు. 1883లో వాన్ బెనెడెన్ ఒక నులిపురుగులో తల్లి, తండ్రి సమానసంఖ్యలో క్రోమోసోములు ఇస్తారని చూపినాడు. కేంద్రకము వెలుపలి కణద్రవ్యము దాదాపు అంతా తల్లిదే. అయిదేండ్ల తరువాత ఏర్పడిన గోల్డెన్ డాన్ సంఘము ఈ తల్లికి పట్టి పొదిగే పనిని ఇచ్చినది. ప్రకృతి నియమమని చెప్పేవారు ప్రకృతిని చూచినవారి మాట వినలేదు.

ఆ సంఘము స్త్రీలను పురుషులతో సమానముగా చేర్చుకొన్నదని కూడ చెప్పవలెను. ఆ కాలమునకు అది చిన్న విషయము కాదు. అయితే అందులో సభ్యురాలైన పమేలా కోల్మన్ స్మిత్ 78 ముక్కలను చిత్రించినది. 1909లో వెలువడిన ఆ కట్టయే నేడు ప్రపంచములో అందరికంటె ఎక్కువమంది చూచినది. ఆమెకు ముట్టిన ప్రతిఫలము స్వల్పము. కట్టకు నిలిచిన పేరు రైడర్-వెయిట్: ఒకరు ప్రచురణకర్త, ఒకరు ఆలోచన చెప్పినవారు. రాణిని అంత అందముగా గీసిన స్త్రీ పేరు పెట్టెమీదికి రావడానికి దశాబ్దాలు పట్టినది.

లండనులో ఆ సంఘము పుట్టిన 1888లోనే హైదరాబాదులో దాయిరతుల్ మారిఫ్ స్థాపితమైనది. అరబ్బీ వ్రాతప్రతులను వెదకి, పోల్చి, అచ్చువేయుట దాని పని. అల్ బిరూనీ ఖనిజములను, రత్నములను గురించి వ్రాసిన గ్రంథమును అది 1936లో ప్రచురించినది. పదకొండవ శతాబ్దపు ఆ పండితుడు లోహములను, రాళ్ళను తూచి, వాటి బరువుల నిష్పత్తులు ఇచ్చినాడు. బంగారము చేస్తామనేవారిని నమ్మలేదు. ప్రాచీన విజ్ఞానము కావలెనన్న కోరిక రెండు నగరాలలోను ఒకటే. ఒకచోట దానిని ఊహించుకొన్నారు, ఒకచోట వ్రాతప్రతులు తెరచి చదివినారు.

తరగతిలో ఈ చర్చ పెట్టదలచిన ఉపాధ్యాయులు ఒక మామూలు పేకకట్టను, గంజిఫా బొమ్మలను ప్రక్కప్రక్కన చూపితే చాలును. హింగుళమును చూపవలెనంటే మూతబిగించిన సీసాలోనే చూపండి, వేడిచేయవద్దు. పాదరసపు ఆవిరి విషము.