ఆగగలిగినవాడి పద్దు

ఇంటి బడ్జెట్ గురించి ఎవరు చెప్పినా మొదలు ఒకటే: నెలకు వచ్చేదెంతో రాసుకో, అందులోంచి పోయేది తీసెయ్. ఆ లెక్కలో తప్పు లేదు, కాకపోతే అది ఒకటో తారీఖున జీతం పడే ఇంటి లెక్క. గుంటూరు, ప్రకాశం నల్లరేగడి మీద పత్తి, మిర్చి నమ్ముకున్న ఇంట్లో ఖర్చుకే తప్ప రాబడికి నెల అనే కొలత లేదు. విత్తనం, ఎరువు, పురుగుమందు వానాకాలం నుంచే డబ్బు లాగుతాయి. మిర్చి సొమ్ము కళ్లజూసేది సంక్రాంతి దాటాక. 2022-23 వినియోగ సర్వే ప్రకారం దేశంలో పల్లెల్లోని అట్టడుగు ఐదు శాతం మంది తలసరి నెల ఖర్చు 1,373 రూపాయలు, పై ఐదు శాతానిది 10,501. ఏడున్నర రెట్ల తేడా. చిన్నదేం కాదు. కానీ ఏడాది ఎగుడుదిగుళ్లన్నీ ఈ నెలసరి అంకెలో చదునైపోతాయి. అసలు తేడా, చేతికి డబ్బు వచ్చేదాకా ఎవరు ఎంతకాలం ఆగగలరన్నదే అని నా వాదన.

మిర్చి యార్డు చూస్తే ఇది కళ్లకు కడుతుంది. ఒకే ఊరి కాయ, ఒకే తేజ రకం, ఒకే రోజు ధర. సొంత పొలమున్న పెద్ద రైతు ధర నచ్చకపోతే టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కోల్డ్ స్టోరేజీలో పెట్టి, వాటి మీదే అప్పు తెచ్చుకుని ఇంటికెళతాడు. కౌలు రైతుకు పెట్టుబడి పెట్టింది చాలాసార్లు కమీషన్ వ్యాపారే. కాయ కల్లంలో ఎండుతుండగానే దాని మీద ఆయన హక్కు కూర్చుంటుంది. పట్టీ చేతికొచ్చేసరికి కమీషన్, హమాలీ, పాత బాకీ, దాని మీద నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ, అంటే ఏడాదికి ఇరవై నాలుగు శాతం, అన్నీ పోయి కింద మిగిలిన అంకె అతని ఏడాది ఆదాయం. ఎకరాకు ఇరవై క్వింటాళ్లు పండాయనుకుంటే, క్వింటాకు వెయ్యి తగ్గితే ఇరవై వేలు ఎగిరిపోయినట్టే. 2023లో తేజ క్వింటా ఇరవై వేలు దాటింది. 2025 ఫిబ్రవరికల్లా కేంద్రం 11,781 రూపాయలతో మార్కెట్ జోక్యం ప్రకటించాల్సిన స్థితి వచ్చింది. రాబడి సగానికి సగం ఊగుతుంటే కూరలో నూనె తగ్గించి బడ్జెట్ సరిచెయ్యమనడం, వరదకు దోసిలి అడ్డం పెట్టమనడమే.

ఆగినవాడూ నష్టపోయాడు కదా అని ఎవరైనా అడగొచ్చు. నిజమే, ధర పెరుగుతుందని 2024లో దాచిన సరుకు మరుసటేడు చవగ్గా అమ్ముకున్నవాళ్లున్నారు. అయితే ఆ దెబ్బ తిన్నాక కూడా వాళ్ల పొలం వాళ్లదే. కౌలుదారు ధర పడితే పంట సొమ్ముతో పాటు మరుసటేటి పెట్టుబడి పుట్టే మార్గం కూడా పోగొట్టుకుంటాడు. బ్యాంకుకు వెళ్లొచ్చు కదా అంటే, 2019 సాగుదారుల హక్కుల చట్టం కింద అక్కడ చూపాల్సిన కౌలు కార్డు రావాలంటే భూయజమాని సంతకం కావాలి. కౌలుదారు పేరెక్కితే పొలం ఎక్కడ చేజారుతుందోనన్న భయంతో చాలామంది పెట్టరు.

పెళ్లిళ్లకీ మందుకీ తగలేస్తారన్నది ఇంకో మాట. మందు సంగతి కొట్టిపారెయ్యను, కొన్ని కొంపలు కూల్చింది. కానీ దుబారాగా కనబడే ప్రతిదీ దుబారా కాదు. మెడలో రెండు పేటల గొలుసు సోకు కోసమే చేయించింది కాదు, జులైలో తాకట్టుకెళ్లి మార్చిలో తిరిగొస్తుంది. నెల సరుకు ఒకేసారి కొంటే చవకని కోతకెళ్లే కూలి మనిషికి తెలియక కాదు. సాయంత్రం అందిన కూలితో కొట్టులో పావుకిలో పప్పు, చిన్న నూనె ప్యాకెట్ కొనేటప్పుడు కిలోకు ఎక్కువే పడుతుందని ఆమెకు తెలుసు. నెల సరుకుకు సరిపడా డబ్బు ఒక్కరోజు కూడా చేతిలో నిలవదు. 'పోర్ట్‌ఫోలియోస్ ఆఫ్ ది పూర్' పుస్తకం కోసం భారత్, బంగ్లాదేశ్, దక్షిణాఫ్రికాల్లో పేద ఇళ్ల పద్దులు ఏడాది పాటు రాయించినప్పుడూ ఇదే తేలింది. ఆదాయం తక్కువైనా చేబదుళ్లు, పొదుపులు, అప్పులు అన్నీ ఒకేసారి నడుస్తుంటాయి. జీతగాడు నెలకోసారి వేసే లెక్క ఆమె రోజూ వేస్తుంది.

జీతగాడికీ ఈఎంఐల బాధ లేకపోలేదు. అయితే ఆ అప్పు పుట్టిందే వచ్చే నెల ఒకటో తారీఖు మీద బ్యాంకుకున్న నమ్మకంతో. మిర్చి కోతకెళ్లే ఆమె వచ్చే నెల మీద అలాంటి నమ్మకంతో అప్పిచ్చేది ఎక్కువగా ఊళ్లో కిరాణా కొట్టే. అక్కడా ఏప్రిల్‌లో కోతలు అయిపోయేసరికి పుస్తకం మూసేస్తారు.