పింగాణి మీది ముద్ర, పలక వెనుకటి చేయి

మన విద్యావంతుల యిండ్లలో అద్దాల బీరువా గౌరవస్థానము. వెనుకటి తరమువారు దానిలో వెండి గిన్నెలను, కొండపల్లి బొమ్మలను ఉంచిరి. పరదేశములలో స్థిరపడిన బిడ్డల మూలమున ఇప్పుడు దానిలోనికి నానాదేశముల పింగాణి వచ్చి చేరుచున్నది. అందులో ఐర్లండు పింగాణి కొక ప్రత్యేకమైన ఆకర్షణ యున్నది. పలుచని గోడలు, ముత్యమువంటి మెఱుగు, పైన మూడాకుల షామ్రాకు, ముడులు పడిన తీగలు, సుడులు, హార్ప్ అను తంత్రీవాద్యము. ఇవి ప్రాచీన కెల్టు జాతివారి చిహ్నములని చెప్పి అమ్ముదురు; అట్లే నమ్మి కొందురు. ఇట్టి సేకరణము వలన మనుజునకు కలుగు జ్ఞానమెట్టిది, కలుగకుండ పోవు జ్ఞానమెట్టిది యని విచారింపదలచితిమి. మార్కాపురము, కంభము, గిద్దలూరు సీమవారికి దీనితో నేమి పని యని చదువరులు అడుగవచ్చును. పని గలదు, ముందుగా వస్తువును చూతము.

ఐర్లండు పింగాణి యనగా ముఖ్యముగా చెప్పవలసినది బెల్లీక్. ఫెర్మానా మండలమున ఎర్న్ నది యొడ్డున నున్న చిన్న గ్రామమది. 1845లో మొదలైన బంగాళదుంప తెగులు వలన ఆ దేశమున ఘోరమైన కాటకము పుట్టెను. సుమారు పదిలక్షల మంది చనిపోయిరి. మఱి పదిలక్షలకు పైబడి ఓడలెక్కి దేశము విడిచిరి. ఆ కాటకపు దినములలోనే, 1849లో, జాన్ కాల్డ్‌వెల్ బ్లూమ్‌ఫీల్డు అను భూస్వామికి ఆ ప్రాంతపు జమీ వారసత్వముగా వచ్చెను. రైతుకు పని లేదు. పని లేని రైతు శిస్తు కట్టలేడు. తన భూమిలో ఫెల్డ్‌స్పారు రాయియు తెల్లమన్నును ఉన్నవని తెలిసికొని, ఆర్మ్‌స్ట్రాంగు అను వాస్తుశిల్పితోను, మెక్‌బర్నీ అను డబ్లిను వర్తకునితోను కలిసి అతడు 1857లో కార్ఖానా నెలకొల్పెను. ఇది దయయా, లెక్కయా యని వాదించుట అనవసరము. రెండును కలిసి యుండవచ్చును. మొదట అచ్చట తయారైనవి అలంకార వస్తువులు కావు; వాడుక పళ్లెములు, నేలకు పరచు బిళ్లలు, తంతి స్తంభములకు కావలసిన పింగాణి గుబ్బలు. తరువాత ఇంగ్లండు నుండి ఆఱితేరిన పనివారిని రప్పించినప్పుడు గాని పారియన్ అను మేలిరకము కుదురలేదు. మన్నును సన్నని కడ్డీలుగా తీసి, చేతితో బుట్టవలె అల్లి, కాల్చి, మెఱుగు పెట్టు పని నేటికిని ఆ కార్ఖానా ఘనతయే.

సేకరించువారు బుట్టను చూడక ముందే దానిని తలక్రిందులు చేయుదురు. అడుగున ముద్ర యున్నది. తోడేళ్లను వేటాడు కుక్క, గుండ్రని రాతి బురుజు, హార్పు, షామ్రాకు రెమ్మలు కలిసిన ముద్ర అది. 1863 మొదలు 1890 వఱకు నొక తీరు, 1891 నుండి 1926 వఱకు నింకొక తీరు, 1926 నుండి 1946 వఱకు మూడవ తీరు. ఈ మూడును నల్లని ముద్రలు. పిమ్మట ఆకుపచ్చనివి వచ్చెను. ముద్రను బట్టి కాలము, కాలమును బట్టి వెల. 1979లో ఈ పింగాణి సేకరించువారు ఒక అంతర్జాతీయ సంఘమునే స్థాపించుకొనిరి.

ఈ ముద్రల చరిత్ర ముచ్చటైనది. రెండవ ముద్రలో ఐర్లండు అను పేరు క్రొత్తగా చేరెను. దేశభక్తి పొంగి చేర్చినది కాదు. 1890లో అమెరికావారు చేసిన సుంకపు శాసనము, దిగుమతి యగు ప్రతి వస్తువు మీదను పుట్టిన దేశము పేరు ఉండవలెనని విధించెను. కనుక పేరు చేర్చిరి. ఇక మూడవ ముద్రలో, ఐర్లండులో చేయబడినది అని గేలిక్ భాషలో వ్రాసిన చక్రమొకటి కలిపిరి. అది 1926. అప్పటికి ఐదేండ్ల క్రిందటనే ఆ ద్వీపము రెండుగా చీలి, బెల్లీక్ గ్రామము సరిహద్దు చెంతనే బ్రిటిషువారి యేలుబడిలోని భాగమున నిలిచిపోయెను. మన కథయు కొంత యిట్టిదే. మార్కాపురము, గిద్దలూరు 1970 వఱకు కర్నూలు జిల్లాలోనివి. ఆ సంవత్సరము ఒంగోలు జిల్లా యేర్పడగా అందు కలిసెను. 1972లో దానికి ప్రకాశము పేరు వచ్చెను. హద్దులు కాగితము మీద కదలును; నేలలోని రాయి కదలదు.

ఇక చిహ్నముల ప్రాచీనత మాట. మూడు సుడులు కలిసిన గుర్తును కెల్టు జాతి చిహ్నమని లోకమంతయు నెఱుగును. అది ఐర్లండులోని న్యూగ్రేంజి సమాధిరాళ్లపై చెక్కబడి యున్నది. ఆ కట్టడము క్రీస్తుకు పూర్వము సుమారు 3200 సంవత్సరముల నాటిది. కెల్టు భాషలు ఆ ద్వీపమున కాలు మోపుటకు చాల పూర్వపుది. ముడుల అల్లిక అందముగా తీర్చబడినది క్రీస్తుశకము 800 ప్రాంతమున క్రైస్తవ సన్యాసులు వ్రాసిన కెల్స్ గ్రంథమున. అది ఇప్పుడు డబ్లినులోని ట్రినిటీ కళాశాలలో నున్నది. పేట్రిక్ ఋషి షామ్రాకు ఆకును చూపి త్రిమూర్తితత్త్వమును బోధించెనను కథ, ఆయన పోయిన వెయ్యి సంవత్సరములకు పైగా గడచిన పిదపనే గ్రంథములలో కనబడుచున్నది. ఇట్లు వేర్వేరు కాలముల, వేర్వేరు జనుల గుర్తులను పందొమ్మిదవ శతాబ్దమువారు ఒక్క పళ్లెములో చేర్చి, సనాతనమని పేరు పెట్టిరి. ఇందులో వంచన యున్నదని మేమనము. పరాధీనమైన జాతి తన పూర్వవైభవమును వెదకికొనునప్పుడు దొరికినదెల్ల దగ్గఱకు తీయును, మనమును తీసితిమి. కాని పాతదని చెప్పిన మాత్రమున తల యూపరాదు. మన యిండ్లలోనే పింగాణి కథ చూడుడు. ఊరగాయ జాడీకి లేని మైల కాఫీ కప్పునకు ఎన్నో యిండ్లలో ఉండెడిది. రెండును ఒక్క మన్నే.

ఐర్లండువారి ఈ పునరుజ్జీవనము మన తెలుగునేలను కూడ తాకినది. ఆ యుద్యమమున కవిగా పేరొందిన జేమ్సు కజిన్సు 1915లో ఈ దేశమునకు వచ్చి, మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో అధ్యక్షుడుగా నుండెను. 1919లో రవీంద్రనాథ ఠాకూరు అచ్చట నుండగా జనగణమన గీతమునకు ఆంగ్లానువాదము చేసెను. దాని స్వరరచనను కజిన్సు భార్య మార్గరెట్టు లిఖించెను. ఆ దంపతులు తమ దేశపు గుర్తులను మనకు అమ్మజూపలేదు. ఆమె స్త్రీల ఓటుహక్కు కొఱకును విద్య కొఱకును పాటుపడెను; ఆయన మన చిత్రకారులను గూర్చి వ్రాసి, మైసూరు, తిరువాన్కూరు చిత్రశాలల యేర్పాటునకు తోడ్పడెను. సేకరణమన్న నెట్లుండవలెనో వారి నడవడి నుండి తెలిసికొనవచ్చును.

తెలుగునాట పింగాణి సేకరణమన్న హైదరాబాదు సాలార్ జంగు పేరు చెప్పక తీరదు. మూడవ సాలార్ జంగు మీర్ యూసఫ్ అలీఖాను 1949లో మరణించెను. ఆయన కూర్చిన నిధి 1951 డిసెంబరులో ప్రజలకు తెఱవబడి, 1968లో మూసీ యొడ్డున నేడున్న భవనమునకు చేరెను. అందు ఫ్రాన్సు, జర్మనీ, ఇంగ్లండు, చైనా, జపాను పింగాణి మెండు. ఒక్కని యభిరుచి ఊరందఱి సొత్తైనందుకు సంతోషింపవలసినదే. అయినను ఆ గదులలో నడచునప్పుడు మాకు తోచిన దొక్కటి: ప్రతి పాత్రకు ఊరున్నది, కార్ఖానా యున్నది, కాలమున్నది, మన్ను పిసికినవాని పేరు మాత్రము లేదు.

మార్కాపురముతో పని కలుగుట ఇచ్చటనే. పింగాణి, పలక రెండును మన్నే. ఒకదానిని మనుష్యుడు కొలిమిలో కాల్చెను; రెండవదానిని భూమియే నూఱుకోట్ల సంవత్సరములకు పూర్వము నుండి అదిమి రాయిగా చేసెను. ఆ రాతిపొరలకు భూగర్భశాస్త్రజ్ఞులు కంభము పేరే పెట్టిరి. గోతులు త్రవ్వి, రాతిని వెలికి తీసి, ఉలితో పొరలుగా చీల్చి, కొలతకు కోసి, నునుపు చేసి, కొయ్యచట్రము బిగించి మార్కాపురమువారు పంపిన పలకల మీద తరతరముల పిల్లలు ఓనమాలు దిద్దిరి. ఆ పలక వెనుక కుక్క లేదు, బురుజు లేదు. ఎవ్వరును దానిని తలక్రిందులు చేసి ముద్ర వెదకలేదు. దాని మీద వ్రాసినది తుడిచివేయుటకే. కాగితపు పుస్తకములును ప్లాస్టిక్ పలకలును వచ్చి దానిని మూలకు త్రోసెను. ఆ రాయి ఇప్పుడు ఎక్కువగా గోడలకును నేలలకును వేయు బిళ్లలుగా పోవుచున్నది.

ఒక విషయము దాచరానిది. బాలకార్మిక సమస్యను గూర్చి ఈ దేశమున వ్రాసినవారు మార్కాపురపు పలకల పనిని మఱల మఱల పేర్కొనిరి. బడికి పోవలసిన పిల్లలు బడిపిల్లల కొఱకు పలకలు చేసిరి. 1986లోను, మరల 2016లోను శాసనములు వచ్చెను. రెండవది పదునాలుగేండ్లలోపు పిల్లలను ఏ వృత్తిలోను పెట్టరాదని నిషేధించెను, ఇంటి పనికి మాత్రము కొంత మినహాయింపు నిచ్చెను. ఇక పెద్దల మాట. పలక రాతిలో సిలికా యున్నది. కోయునప్పుడును రాచునప్పుడును లేచు ధూళిని ఏండ్ల తరబడి పీల్చినవారికి సిలికోసిస్ అను ఊపిరితిత్తుల జబ్బు కలుగు భయమున్నది. వచ్చిన పిదప అది నయము కాదు. నీళ్లు చిలికించుచు కోయుట, ధూళిని లాగివేయు యంత్రము నుంచుట గొప్ప విద్యలు కావు, ఖర్చు మాత్రమే. పింగాణి పనిలోను ఈ ధూళి యున్నది. ఇంగ్లండులో దానికి కుమ్మరి జబ్బని పేరుండెడిది.

బెల్లీకు పింగాణి కొనువారిని మేము తప్పు పట్టము. పాత్ర అందముగా నున్నచో కొనవలసినదే. వీలైనచో అందు టీ కూడ త్రాగవలెను. ముద్ర సంవత్సరమును చెప్పు నేర్పు గలవారు, ఆ సంవత్సరమున అల్లినవారి కెంత కూలి ముట్టెనో కూడ అడుగుట నేర్చికొన్నచో వారి బీరువాకు విలువ హెచ్చును. మార్కాపురమున చెన్నకేశవస్వామి దర్శనమునకు వచ్చు యాత్రికు లెందఱో కలరు. ఆ గుడికి దగ్గఱలో నొక గది తీసికొని, పాత ఉలులను, సుత్తులను, చట్రములను, అన్ని కొలతల పలకలను, వానితోబాటు గోతులలో దిగినవారి పేర్లను, పలక రాచిన స్త్రీల మాటలను వ్రాయించి ఉంచుటకు పెద్ద ధనము పట్టదు. ఆ పని యెఱిగినవారు వృద్ధులగుచున్నారు. ఇప్పుడు అడిగి వ్రాసికొనుట సులభము.