జొహరా గాజులు

అబ్దుల్ కలాంగారు అరుణ్ తివారీతో కలిసి రాసిన ఆత్మకథ 'వింగ్స్ ఆఫ్ ఫైర్' (1999) చాలామంది రాకెట్ల కోసం చదువుతారు. నేను మాత్రం మొదట్లో వచ్చే రామేశ్వరం దీవి దగ్గరే ఆగిపోతుంటాను. యుద్ధకాలంలో అక్కడ రైలు ఆగడం మానేసింది. ధనుష్కోటి దారిలో, కదిలే రైల్లోంచే పేపరు కట్టలు విసిరేవారట! వాటిని అందుకోవడమే ఆ పిల్లవాడి తొలి సంపాదన. వంటింట్లో అమ్మతోపాటు నేలమీద కూర్చుని, అరిటాకులో అన్నం, సాంబారు, కొబ్బరి పచ్చడి తింటూంటే మనకీ నోరూరుతుంది.

అయితే నాన్నగారి ప్రార్థనలూ, మాటలూ తెలిసినంతగా అమ్మ మనసు మనకి తెలియదు. ఇంట్లోవాళ్లకంటే బయటివాళ్లే ఎక్కువమంది తినే ఆ ఇంట్లో, రోజూ వండి వడ్డించిన ఆశియమ్మగారు ఏమనుకునేవారో నాకు కనబడలేదు. మద్రాసులో తమ్ముడి ఇంజనీరింగు చదువుకోసం బంగారు గాజులూ, గొలుసూ తాకట్టు పెట్టిన అక్క జొహరాకైతే నాలుగైదు వాక్యాలే. ఆయన కృతజ్ఞత నిజమైనదే, కాదనను. సొంత సంపాదనతో విడిపిస్తానని ఒట్టు కూడా పెట్టుకున్నారు. కానీ జొహరా ఏం చదువుకుంది? అదే దీవిలో ఆమె చిన్నతనం ఎలా గడిచింది? నవలలు రాసేదాన్ని కదా, నా బుద్ధి అటే పోతుంది. ఆ గాజులు తీసేటప్పుడు ఆమె చెయ్యి ఒక్క క్షణమైనా ఆగిందా?