'జాతి' పదం: జన్యువు, మేధ

తెలుగులో 'జాతి' అన్న ఒక్క పదమే కులాన్ని, తెగను, ప్రజాసమూహాన్ని, జీవజాతిని సూచిస్తుంది. మేధ పుట్టుకతోనే నిర్ణయమవుతుందన్న వాదానికి ఈ అర్థసంకరం ఆశ్రయమిస్తున్నది. 1909లో థర్‌స్టన్ తన ఏడు సంపుటాలలో దక్షిణభారత కులాలను ముక్కు కొలతలతో వర్ణించాడు. 2009లో హైదరాబాదు సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు భాగస్వాములైన అధ్యయనం భారతీయ సమూహాలలో అత్యధికం రెండు ప్రాచీన జనధారల మిశ్రమమని చూపింది. అది వంశచరిత్రను చెప్పిందే గాని మేధను కొలవలేదు. ఎల్లారెడ్డి ప్రాంతపు తండా నుంచి కామారెడ్డి కళాశాలకు వచ్చిన మొదటితరం విద్యార్థి వెనుకబాటును 'జాతిలక్షణం' అన్నప్పుడు బడి దూరం, పేదరికం, పాఠ్యభాషకు భిన్నమైన ఇంటిభాష మరుగున పడతాయి. జాషువ 'గబ్బిలం' (1941) పుట్టుకను ప్రమాణంగా నిలిపిన సమాజాన్ని నిలదీసింది. విమర్శ పరిభాష ఆ ప్రమాణాన్నే శాస్త్రం పేరిట తిరిగి నిలపరాదు.