హవాయి కెరటాల విద్య

హవాయి దీవుల్లో వికసించిన సర్ఫింగ్ 19వ శతాబ్దంలో చచ్చిపోయిందనీ, 20వ శతాబ్దం మొదట్లో అమెరికా నుంచి వచ్చినవాళ్లు దానికి ప్రాణం పోశారనీ ఒక కథ చాలాకాలంగా చలామణీలో ఉంది. సర్ఫింగ్‌ను సరదా ఆటగా మాత్రమే చూసేవారికి ఈ కథ నమ్మబుద్ధేస్తుంది. దాని పనితనంలోకి దిగి చూస్తే మాత్రం, తరతరాలుగా ఒక జాతి చేతుల్లో నిలిచిన విద్య కనిపిస్తుంది. ఆ చేతులు ఖాళీ అయిన రోజంటూ లేదు.

బోర్డు తయారీనే తీసుకోండి. కోవా చెట్టునో సీమపనసనో ఎంచుకుని, నరికే ముందు దాని మొదలు దగ్గర కుము అనే ఎర్ర చేపను ఉంచి ప్రార్థించేవారు. చెట్టు కూలాక ఆ చేపను వేళ్ల గోతిలోనే పాతేవారు. రాతి బాడిసెతో చెక్కి, పగడపు రాయితో నున్నగా రుద్ది, రంగు పట్టించి, కుకుయ్ గింజల నూనె పూసేవారు. వాడిన ప్రతిసారీ ఆరబెట్టి, మళ్లీ నూనె రాసి, నారబట్టలో చుట్టి ఇంట్లో వేలాడదీసేవారు. కెరటాన్ని బట్టి బోర్డు ఉండేది. తేలికైన విలివిలి చెక్కతో నాలుగైదు మీటర్ల పొడవున చేసే ఒలో, ఇంకా విరగని ఉబ్బు కెరటాన్ని దూరం నుంచే అందుకుంటుంది. పలచటి అలైయా, నిటారుగా లేచి విరిగే కెరటానికి తగినది. రెంటికీ అడుగున రెక్క ఉండదు. దాన్ని అమెరికా సర్ఫర్ టామ్ బ్లేక్ 1935లో అమర్చాడు. అంతకుముందు బోర్డు పక్కకు జారిపోకుండా నిలపాలంటే, దాని అంచును నీటి వాలులోకి దించుతూ ఒంటి బరువుతోనే పట్టి ఉంచాలి. నా దృష్టిలో ఈ విద్యలో అన్నిటికన్నా గొప్ప నైపుణ్యం ఇదే. నీటి లోతు కెరటం ఎత్తుకు సుమారు 1.3 రెట్లకు తగ్గిన చోట కెరటం ముందుకు తూలి విరుగుతుంది. ఆ చోటును ముందే పసిగట్టి, కెరటం వేగాన్ని చేతులతో అందుకోవాలి. ఉత్తరాంధ్ర తీరంలో తెప్ప మీద కెరటాలు దాటే జాలరికి ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు.

ఒలో దొరల సొత్తు కదా, ఇది జాతి మొత్తానికి చెందిన విద్య ఎలా అవుతుందని అడగవచ్చు. పెద్ద బోర్డులూ కొన్ని తీరాలూ పాలకులకే దక్కిన మాట నిజం. అలైయా మాత్రం ఆడా మగా, పిల్లా పెద్దా అందరిదీ. క్షీణత సంగతేమిటన్నది ఇంతకన్నా బరువైన ప్రశ్న. అదీ నిజమే. 1820లో వచ్చిన మిషనరీలు ఈ ఆటను మెచ్చలేదు. అయితే అసలు దెబ్బ రోగాలది. యూరోపియన్లు తొలిసారి వచ్చిన 1778లో లక్షల్లో ఉన్న స్థానికులు, 1890 నాటికి మిశ్రమ సంతతిని కలుపుకున్నా 40 వేల చిల్లరకు తగ్గిపోయారు. మనుషులే కరిగిపోతుంటే కెరటాల మీద జనం పలచబడ్డారు, అంతే. 1885లో ముగ్గురు హవాయి రాకుమారులు కాలిఫోర్నియాలోని శాంటాక్రూజ్‌లో, అక్కడి రెడ్‌వుడ్ బోర్డుల మీద కెరటాలెక్కారు. 1914-15లో హవాయి ఈతగాడు డ్యూక్ కహానమోకు సిడ్నీ దగ్గర ఫ్రెష్‌వాటర్ తీరంలో షుగర్ పైన్ చెక్కను స్వయంగా చెక్కుకుని సర్ఫింగ్ చేసి చూపాడు. పరాయి దేశపు చెక్క దొరికితే చాలు, విద్య వారి వెంటే ఉంది.

1908లో అమెరికా నుంచి వచ్చిన అలెగ్జాండర్ హ్యూమ్ ఫోర్డ్ హవాయిలోని వైకీకీ తీరంలో అవుట్‌రిగ్గర్ కనో క్లబ్ పెట్టి సర్ఫింగ్‌కు ప్రచారం తెచ్చాడు. ఆ మేలు కాదనలేం. కానీ ప్రచారం చేసినవాణ్ణి ప్రాణదాత అనడం, 1911లో హుయి నలు అనే సర్ఫింగ్ సంఘాన్ని నిలబెట్టిన హవాయి ఈతగాళ్లకు అన్యాయం. ఆ అన్యాయం పూర్తిగా పోలేదు. ప్రపంచ సర్ఫింగ్ పోటీల్లో హవాయికి విడి గుర్తింపు ఉన్నా, ఒలింపిక్స్‌లో లేదు. 2021లో టోక్యో క్రీడల్లో మహిళల తొలి సర్ఫింగ్ స్వర్ణం గెలిచిన కారిస్సా మూర్ స్థానిక హవాయి వంశీకురాలు. ఆమె పోటీపడింది అమెరికా జట్టు తరఫున.