పరాయి ఊళ్లో పూట గడిచే విద్య

గిద్దలూరులో డిగ్రీ పూర్తిచేసిన కుర్రాడు తర్వాత ఎటు పోవాలని ఉమ్మడి ప్రకాశం జిల్లా పటాన్ని అడిగితే తూర్పున ఒంగోలు వైపు చూపిస్తుంది. కుర్రాడు మాత్రం చాలాసార్లు పడమటికి పోయే రైలెక్కుతాడు. ఒంగోలు దాదాపు 140 కిలోమీటర్లు, నంద్యాల 60. దూరం సంగతి అటుంచితే పాత బంధుత్వమూ ఉంది. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడే దాకా మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లావే. కలెక్టరాఫీసు పనులు ఒంగోలుకు మళ్లాయి గానీ చదువుల దారి పూర్తిగా మళ్లలేదు. మార్కాపురం రోడ్, తర్లుపాడు, కంభం, గిద్దలూరు, దిగువమెట్ట, చెలమ, గాజులపల్లె... నల్లమల దాటి కిందికి దిగితే నంద్యాల.

ఆ రైల్లో సీట్ల కింద సామాను చూస్తే చాలు, మొదటిసారి గది తీసుకోబోయేవాడెవడో తెలిసిపోతుంది. వాడి వెంట బియ్యం మూట, కొత్త బక్కెట్టు, చుట్టిన చాప, పక్కన వాళ్ల నాన్న. రెండేళ్లుగా గదిలో ఉంటున్నవాడి దగ్గర ఒక భుజం బ్యాగు, అందులో పచ్చడి డబ్బా మాత్రమే ఉంటాయి.

నంద్యాలకు విశ్వవిద్యాలయ నగరమన్న పేరు లేదు. ఉన్న పేరు బ్యాంకు కోచింగుది. రెండు తెలుగు రాష్ట్రాల్లో పీవో, క్లర్కు పరీక్షలకు చదివేవాళ్లకు ఈ ఊరు ఎంత తెలుసో, డీఎస్సీ రాసేవాళ్లకు కృష్ణా జిల్లా అవనిగడ్డ అంత తెలుసు. రెండూ మహానగరాలు కావు. అయినా ఎక్కడెక్కడి పిల్లలో అక్కడికి చేరతారంటే చదువు చెప్పేవాళ్లు ఉండడం ఒక కారణమైతే, చదువుకునేవాళ్లను సాకే అలవాటు ఆ ఊళ్లకు ఉండడం రెండో కారణం. అద్దె తక్కువైనంత మాత్రాన ఊరు చవక కాదు. ఇంటి నుంచి వచ్చే డబ్బుతో పూట తప్పకుండా తినగలగాలి. రాత్రి పదింటికి కూడా లైటు కింద కూర్చుని చదువుకునే చోటు దొరకాలి. జ్వరమొస్తే పక్క పోర్షన్‌లోంచి గంజి తెచ్చిచ్చే మనిషి ఉండాలి. విద్యార్థికి చవకైన ఊరంటే అది.

ఈ మూడింటినీ కుదుర్చుకోవడం ఒక విద్య. ఏ కోచింగు సెంటరులోనూ దీనికి క్లాసు లేదు, పాతవాడు కొత్తవాడికి చెబుతాడు. బ్యాచిలర్లకు ఇవ్వమన్న గడపలు కొన్ని దాటాక ఒక పోర్షన్ దొరుకుతుంది. నీళ్లు ఏ వేళకు వదులుతారు? కరెంటు మీటరు వేరా, ఇంటివాళ్లతో కలిపా? అడ్వాన్సు ఎన్ని నెలలది? ఖాళీ చేసేటప్పుడు రంగుల ఖర్చని అందులో ఎంత పట్టుకుంటారు? ఈ నాలుగూ అడక్కుండా తాళం చెవి తీసుకున్నవాడు తర్వాత తప్పకుండా బాధపడతాడు. అగ్రిమెంటు కాగితం అనేది ఇక్కడ అరుదు. ఇంటావిడ వాడి ఊరు, కులం, నాన్న చేసే పని అడిగి, ముఖం చూసి, సరే అంటుంది. ఆ రెండో ప్రశ్నకు జవాబు విన్నాక గది లేదని చెప్పే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. చదువుకోవడానికి వచ్చిన పిల్లవాడికి మొదటి రోజే తగిలే ఆ దెబ్బ సిగ్గుపడాల్సిన విషయం. సిగ్గుపడాల్సింది పిల్లవాడు కాదు.

గది దొరికాక తిండి. మెస్సులో నెల కార్డు కడితే నెలంతా నిశ్చింత, అయితే ఆదివారం ఊరికి పోయినా డబ్బు పోయినట్టే. అందుకే ముగ్గురు నలుగురున్న గదుల్లో రైస్ కుక్కరు కొంటారు, కూర మాత్రం కర్రీ పాయింటులో తెచ్చుకుంటారు. సాయంత్రం ఏడున్నరకు ఆ బండి ముందు నిలబడి చూడాలి. వరసగా స్టీలు గిన్నెల్లో పప్పు, సాంబారు, బెండకాయ వేపుడు, గుడ్డు కూర. అడిగింది కవర్లోకి వంచి, గాలి నిలిచేలా ఒక్క తిప్పు తిప్పి దారంతో ముడేసి చేతికిస్తారు. మూడు కవర్లతో ముగ్గురి రాత్రి భోజనం అయిపోతుంది. పొద్దున మిగిలిన అన్నానికి తాళింపు. నెలాఖరున కూర కొనే డబ్బు లేకపోతే ఊరి నుంచి వచ్చిన నువ్వుల కారం, చింతకాయ పచ్చడి ఉండనే ఉంటాయి. అన్నం వండుకుని కూర కొనుక్కునే ఈ పద్ధతి తెలుగు పట్టణాల్లో ఎన్ని చదువులను గట్టెక్కించిందో! కర్రీ పాయింట్లు నడిపేవాళ్లలో చాలామంది ఇంటి వంటగదిలోంచే సంపాదన మొదలుపెట్టిన ఆడవాళ్లు. వాళ్లకు దక్కాల్సిన గౌరవం ఇంకా దక్కలేదు.

గదిలో చిచ్చు మాత్రం డబ్బు దగ్గర పుట్టదు, అంట్ల దగ్గర పుడుతుంది. ఎవరి వంతు ఎప్పుడో గోడ మీద రాసుకున్న గదులే మూడేళ్లు నిలుస్తాయి.

నీళ్ల విషయంలో పడమటి ప్రకాశం పిల్లలకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఫ్లోరైడు బోర్లు, వేసవిలో ట్యాంకరు కోసం బిందెల వరస, వాళ్లు పుట్టి పెరిగిందే అందులో. 1996లో పునాదిరాయి పడ్డ వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం ఎదురుచూపుల్లోనే ఒక తరం పుట్టి డిగ్రీలు కూడా పూర్తిచేసింది. బక్కెట్టెడు నీళ్లతో స్నానం ముగించి, బట్టలు జాడించిన నీళ్లతో గది కడగడం వాళ్లకు చిన్నప్పుడే వచ్చు.

ప్రకాశం జిల్లాకు ఎవరి పేరు పెట్టారో ఆయన పెరిగిందీ డబ్బుకు అన్నం పెట్టే ఇంట్లోనే. టంగుటూరి ప్రకాశం 1872లో వినోదరాయునిపాలెంలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోతే తల్లి సుబ్బమ్మ ఒంగోలు చేరి పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లలను పెంచారు. గురువు ఇమ్మనేని హనుమంతరావు నాయుడు వెంట ఆయన రాజమండ్రి వెళ్లారు, అక్కడ చదివారు, వకీలయ్యారు. 1904లో ఇంగ్లండు వెళ్లి బారిస్టరై తిరిగొచ్చారు. సముద్రాలు దాటి చదువుకున్న ఆ జీవితానికి పెట్టుబడి ఒంగోలులో ఒక విధవరాలు పొయ్యి ముందు సంపాదించిన డబ్బుతో మొదలైంది. పూటకూళ్లమ్మ అనగానే మనకు 'కన్యాశుల్కం' గుర్తొస్తుంది, సుబ్బమ్మ కూడా గుర్తురావాలి.

ఇలాంటి ఇళ్లు మనకే సొంతం కాదు. స్పెయిన్‌లో సలమాంకా విశ్వవిద్యాలయం 1218లో మొదలైంది, ఆ దేశంలో అన్నిటికన్నా పాతది. 16వ శతాబ్దంలో అక్కడి విద్యార్థులు చాలామంది 'పుపిలాహె' అనే ఇళ్లల్లో ఉండేవారు. పట్టా పొందిన ఒక పెద్దమనిషి డబ్బు తీసుకుని పిల్లలకు తిండీ పడకా ఇస్తాడు, చదువు, నడవడి కనిపెట్టి ఉంటాడు. ఆ ఇళ్లకు నియమాలు పెట్టింది విశ్వవిద్యాలయమే. కడుపు మాడ్చే యజమానులూ ఉండేవారు. 1626లో అచ్చయిన కెవేదో నవల 'ఎల్ బుస్కోన్'లో అలాంటివాడొకడు వస్తాడు. పిల్లలను ఆకలితో ఎండగట్టిన కాబ్రా అనే ఆ పంతులు పేరు స్పెయిన్‌లో చదువుకున్న ప్రతివాడికీ తెలుసు.

ఇప్పుడు సలమాంకాలో జనం ఇంచుమించు లక్షా నలభై వేలు, విద్యార్థులు ముప్పై వేల దరిదాపు. జనాభాలో నంద్యాల కన్నా చిన్న ఊరు. మాడ్రిడ్, బార్సిలోనా అద్దెలు భరించలేని విదేశీ విద్యార్థులు ఇటూ, దక్షిణాన గ్రనడాకూ వస్తారు. ఒక ఫ్లాటును నలుగురు పంచుకుంటారు. ఎవరి గది వారిది, వంటగది అందరిదీ, ఫ్రిజ్‌లో తలా ఒక అర. పాత ఇళ్లల్లో వంటకూ వేడి నీళ్లకూ నారింజ రంగు గ్యాస్ బండ, 12.5 కిలోలది. మధ్యాహ్న భోజనం రెండు దాటాక, రాత్రి భోజనం తొమ్మిది దాటాక. గ్రనడాలో గ్లాసు పానీయం కొంటే చిన్న పళ్లెంలో తినడానికేదో ఒకటి ఉచితంగా పెట్టే ఆచారముంది, విద్యార్థుల రాత్రులు చాలావరకు దానిమీదే వెళ్లిపోతాయి.

గిద్దలూరు కుర్రాడికి అక్కడ కొత్తగా తగిలేవి రెండు. ఒకటి చలి. సలమాంకా సముద్రమట్టానికి 800 మీటర్ల ఎత్తున ఉంది, శీతాకాలం రాత్రులు సున్నా కిందికి దిగుతాయి. ఎండాకాలం 45 డిగ్రీలు చూసిన మార్కాపురం వాడికి గది వెచ్చగా ఉంచుకోవడానికి డబ్బు కట్టాలన్న సంగతే తట్టదు. హీటింగు ఖర్చు అద్దెలో కలిసిందా లేదా అని అడగని చవక గది జనవరి బిల్లుతో ఖరీదైపోతుంది. నంద్యాలలో కరెంటు మీటరు గురించి అడగాల్సిన ప్రశ్నే ఇది.

రెండోది కాగితం. ఇంటావిడ నోటి మాట అక్కడ చెల్లదు. వచ్చిన విద్యార్థి తన చిరునామాను మునిసిపల్ ఆఫీసులో నమోదు చేయించుకోవాలి, దానికి సాధారణంగా అద్దె ఒప్పందం చూపించాలి. ఆరు నెలలకు మించి ఉండేవాళ్లు దిగిన నెల లోపే విదేశీయుల గుర్తింపు కార్డుకు వేలిముద్రల పని మొదలుపెట్టుకోవాలి. ఒప్పందం రాయనని తక్కువ అద్దెకు ఆశపెట్టే గది దగ్గర కుర్రాడు ఆగి ఆలోచించాలి.

ఇక డబ్బు. స్టూడెంట్ వీసాకు నెలకు 600 యూరోల చొప్పున బతకడానికి సరిపడా సొమ్ము చూపించాలి. రూపాయల్లో అది 60 వేల దరిదాపు. కౌలు రైతు ఇంట్లో ఆ అంకె వినగానే మాట అక్కడితో ఆగిపోతుంది. ఆగకూడదు, ఎందుకంటే సొంత డబ్బు లేకుండా పోయే దారి కూడా ఉంది. ఐరోపాలో 1987లో మొదలైన ఎరాస్మస్ పథకం ఇప్పుడు మన దేశపు విద్యార్థులకూ అందుతుంది. రెండు విశ్వవిద్యాలయాలకు ఒప్పందముంటే విద్యార్థి ఒక సెమిస్టరు అక్కడ చదవొచ్చు, అక్కడ ఫీజు ఉండదు, పథకం కింద ఎంపికైతే నెలనెలా ఖర్చులకు సొమ్ము వస్తుంది. ఎరాస్మస్ ముండుస్ పీజీ కోర్సులకైతే సొంత విశ్వవిద్యాలయానికి ఒప్పందం లేకున్నా నేరుగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. స్కాలర్‌షిప్ నెలకు 1,400 యూరోలు. ఆ స్కాలర్‌షిప్పులు అందుకునే దేశాల్లో భారత్ ముందు వరసలో ఉంటుంది. ఒంగోలులో 2022లో ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం వచ్చింది. ఇలాంటి ఒప్పందాల కోసం అది గట్టిగా ప్రయత్నించాలి. ప్రకాశం బిరుదు పెట్టుకున్న విశ్వవిద్యాలయం తన పిల్లలకు సముద్రం దాటే దారి చూపడం సబబు కూడా.

ఫీజు కట్టినంత మాత్రాన చదువు సాగదని మన రాష్ట్ర ప్రభుత్వమూ ఒకసారి ఒప్పుకుంది. 2020 ఫిబ్రవరిలో మొదలైన వసతి దీవెన కింద డిగ్రీ విద్యార్థికి తిండికీ వసతికీ ఏడాదికి 20 వేల రూపాయలు ప్రకటించారు. నెలకు 1,700 కూడా కాదు. అయినా మెస్ బిల్లు చదువులో భాగమేనన్న గుర్తింపు విలువైనది. ఏ పార్టీ ప్రభుత్వమైనా దాన్ని వదలకూడదు.

ఇక భాష. స్పానిష్ మన పొరుగుకు వచ్చి చాలా ఏళ్లయింది. బార్సిలోనాలో 1920లో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం చేరి, 2009లో అక్కడే కన్నుమూశారు. ఆయన స్థాపించిన ఆర్డీటీ సంస్థ గ్రామీణ పట్టభద్రులకు స్పానిష్, జర్మన్, ఫ్రెంచ్ భాషలు నేర్పే బడి పెట్టింది. గిద్దలూరు నుంచి నంద్యాల మీదుగా అనంతపురం ఒక పూట ప్రయాణం.

ఆడపిల్లల సంగతి విడిగా చెప్పాలి. గది తీసుకుని ఉంటానంటే కొడుకు విషయంలో అద్దె అడిగే ఇల్లు, కూతురి విషయంలో హాస్టలు గేటు ఎన్నింటికి మూస్తారని అడుగుతుంది. నంద్యాలకే కష్టంగా ఒప్పుకున్న తల్లిదండ్రులకు సలమాంకా పేరు ఎలా చెప్పాలి? ముందు వెళ్లొచ్చిన ఇంకో ఆడపిల్ల చెప్పాలి. అమ్మానాన్నల భయం ఆ మాటకు తగ్గినంతగా కరపత్రాలకూ కౌన్సెలింగులకూ తగ్గదు. కంభం నుంచి ఒక్క అమ్మాయి వెళ్లొస్తే ఆ వీధి నుంచి మరో ఇద్దరికి దారి ఏర్పడుతుంది.

అందుకే, పడమటి ప్రకాశం నుంచి వెళ్లి నంద్యాలలోనో, హైదరాబాదులోనో, ఐరోపాలోనో గదుల్లో ఉంటున్న పిల్లలకు ఒక విన్నపం. మీ ఒక నెల లెక్క ఉన్నదున్నట్టు రాయండి. అద్దె, అడ్వాన్సు, బియ్యం, కూర, కరెంటు, ఊరికి వచ్చిపోయే చార్జీలు, డబ్బు చాలని వారంలో ఏం చేశారు, గది చూసేటప్పుడు ఏం అడిగి ఉండాల్సింది. రాసిన కాగితాన్ని మీరు చదివిన హైస్కూలుకో కాలేజీకో పంపి నోటీసు బోర్డు మీద అంటించమనండి. ఈ జూన్‌లో బియ్యం మూటతో రైలెక్కబోయే పిల్లలు అక్కడే చదువుతున్నారు.