ఒక్క రూపాయి, మూడు పద్దులు

బల్కంపేట ఎల్లమ్మ గుడి చుట్టుపక్కల సందుల్లో నడిస్తే అడుగడుగునా హాస్టల్ బోర్డులే. ఆ గదుల్లో ఉండే పిల్లల్లో చాలామంది అప్పటికే డిగ్రీయో బి.టెక్కో చదివినోళ్ళు. పొద్దున్నే లేచి అమీర్‌పేట మైత్రీవనం వైపు, ఆదిత్య ఎన్‌క్లేవ్ వైపు పోతారు. నాలుగేళ్ళు కాలేజీలో దొరకని చదువును నాలుగు నెలల్లో కొనుక్కోవడానికి. వాళ్ళు చదివొచ్చిన కాలేజీల గేట్ల మీద న్యాక్ గ్రేడు పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. మైత్రీవనం కోచింగ్ సెంటరుకు అలాంటి గ్రేడేమీ లేదు. మరి గ్రేడు దేన్ని కొలిచినట్టు? ల్యాబ్ ఉన్న కాలేజీలో చదివినోడు ల్యాబ్ కోసం బల్కంపేటలో గది ఎందుకు తీసుకోవాల్సి వస్తున్నది? ఈ ప్రశ్నను ఇంతవరకు నాణ్యత పేరుతోనే అడుగుతూ వచ్చారు. మేము దళిత విద్యార్థి వైపు నుంచి అడగదలిచాం.

న్యాక్‌ను యుజిసి 1994లో బెంగుళూరులో పెట్టింది. మొదట్లో ఇష్టమున్న సంస్థలే పోయేవి. 2012 నిబంధనలతో యుజిసి దాన్ని తప్పనిసరి చేసింది. 2013లో వచ్చిన రూసా పథకం నిధుల్ని గ్రేడుతో ముడిపెట్టింది. అంటే గ్రేడు గౌరవం మాత్రమే కాదు, పైసలు కూడా. గేట్ల మీద మనం చూస్తున్న గ్రేడులు చాలావరకు 2017లో మార్చిన పద్ధతిలో వచ్చినవి. మొత్తం 1000 మార్కులు, ఏడు ప్రమాణాలు. కాలేజీ తన గురించి తానే ఒక స్వీయ అధ్యయన నివేదిక రాసుకుంటుంది, దాని ఆధారంగా మార్కులు వేస్తారు. గ్రేడులు తీసేసి 'గుర్తింపు ఉంది', 'లేదు' అనే రెండు ముక్కల పద్ధతి తెస్తామని 2024 జనవరిలో ప్రకటించారు. ముక్కలు ఎన్నయినా గానీ, లోపల లెక్కలు ఎట్లా వేస్తున్నారన్నదే మన సమస్య.

ఆ లెక్కలో ఒక రూపాయి వెంట నడిచి చూద్దాం. ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో మొదలైంది. అప్పుడు అంబేడ్కర్ వైస్రాయ్ కౌన్సిల్‌లో సభ్యుడు. ఎవరో దయతలచి ఇచ్చిన పైసలు కావవి, కొట్లాడి తెచ్చుకున్నవి. ఇవ్వాళ అదే హక్కు ఫీజు రీయింబర్స్‌మెంట్ రూపంలో ప్రైవేటు కాలేజీకి చేరుతున్నది. చేరగానే అది కాలేజీ 'ఆదాయం' అయిపోతుంది. నివేదికలో ఆరో ప్రమాణం కింద, వనరులు ఎట్లా సమీకరించుకున్నారు అన్నచోట కాలేజీ సామర్థ్యంగా కనబడుతుంది. ఆ రూపాయితోనే గోడలకు రంగులు వేస్తారు, సెమినార్ హాలుకు ఏసీలు పెడతారు. అప్పుడది నాలుగో ప్రమాణం కింద, మౌలిక వసతుల మీద పెట్టిన ఖర్చుగా లెక్కకొస్తుంది. అంతటితో అయిపోలేదు. ఐదో ప్రమాణం కింద ప్రభుత్వ స్కాలర్‌షిప్‌లు పొందిన విద్యార్థులు నూటికి ఎంతమంది అని అడుగుతారు. అక్కడ అదే రూపాయి 'విద్యార్థులకు అండ' అయి మళ్ళా మార్కులు తెస్తుంది. ఇచ్చింది సర్కారు, సాధించింది దళిత ఉద్యమం, మార్కులు యాజమాన్యానికి.

ఆ రూపాయి ఎవరి పేరున వచ్చిందో ఆ పిల్లకు ఏం దక్కింది? గ్రంథాలయాన్ని రోజుకు సగటున ఎంతమంది వాడారని మాన్యువల్ అడిగింది. వాళ్ళెవరో అడగలేదు. రిజర్వేషన్ సీట్లు ఎన్ని నిండాయో అడిగింది, మంచిదే. కానీ పాఠం చెప్పేవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి మంజూరైన పోస్టుల్లో ఎన్ని నింపారన్నదే లెక్క. వాళ్ళలో ఎస్సీ, ఎస్టీలు ఎందరన్నదానికి కాలేజీల మాన్యువల్లో మార్కుల్లేవు. విద్యార్థి కులం పైసలు తెస్తుంది కాబట్టి దానికి గడి ఉంది. అధ్యాపకుడి కులం అడిగితే అధికారం ఎవరి చేతిలో ఉందో బయటపడుతుంది, కాబట్టి గడి లేదు. పీర్ టీం వచ్చే ముందు రాత్రింబవళ్ళు మరుగుదొడ్లు కడిగే కాంట్రాక్టు ఆడవాళ్ళ సంగతి ఇక చెప్పేదేముంది. 'పచ్చని, పరిశుభ్రమైన ఆవరణ' అన్నమాట వాళ్ళ చీపురు రాసిందే.

2025 ఫిబ్రవరి 1న సిబిఐ పదిమందిని అరెస్టు చేసింది. గుంటూరు జిల్లా వడ్డేశ్వరంలోని కె.ఎల్. విద్యాసంస్థకు ఏ ప్లస్ ప్లస్ గ్రేడు కోసం న్యాక్ బృందానికి నగదు, బంగారం, ల్యాప్‌టాప్‌లు, సెల్‌ఫోన్లు ముట్టాయన్నది సిబిఐ ఆరోపణ. పత్రికలు దీన్ని అవినీతి కథగా చెప్పి ఊరుకున్నాయి. నేరమేదో కోర్టులో తేలుతుంది. మా ప్రశ్న వేరు. లంచం ఇయ్యకుండా, పూర్తి నిజాయితీగా తెచ్చుకున్న గ్రేడు సంగతేంది? పైన చెప్పిన మూడు పద్దుల్లో దొంగలెక్క ఒక్కటీ లేదు. అంతా నియమం ప్రకారమే. అందుకే అది మరీ ప్రమాదకరం.

యాజమాన్యాలు ఒక మాటంటాయి: సర్కారు బకాయిలు పెడితే మేమెట్లా నడపాలి? ఇందులో నిజముంది. తెలంగాణలో 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు బకాయిల కోసం బంద్ చేశాయి. ఈ కాలేజీలు ఎవరి పైసలతో నడుస్తున్నాయో ఆ బంద్ బహిరంగంగా ఒప్పుకున్నట్టయింది. బకాయి సర్కారుది, శిక్ష మాత్రం విద్యార్థికి. కోర్సు అయిపోయినా రీయింబర్స్‌మెంట్ రాలేదని సర్టిఫికెట్లు ఆపుతున్నారు. ఒరిజినల్స్ పట్టిపెట్టుకోవద్దని యుజిసి 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. పైసలున్న ఇంటి పిల్లలు కట్టేసి తీసుకుపోతారు. కూలికిపోయే తల్లిదండ్రుల పిల్లలు జిరాక్స్ కాపీలతో ఇంటర్వ్యూలకు తిరుగుతారు. సంతకం పెట్టిన సర్టిఫికెట్ బీరువాలో ఉన్నంతకాలం ఆ విద్యార్థి కాలేజీకి తాకట్టు వస్తువు. అయినా ఐదో ప్రమాణం కింద ఆమె 'లబ్ధిదారు'గానే నమోదై ఉంటుంది.

ఈ జబ్బు ప్రైవేటు కాలేజీలదే అనుకుంటే పొరపాటు. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో చనిపోయే ముందు రోహిత్ వేముల రాసిన ఉత్తరంలో తనకు ఏడు నెలల ఫెలోషిప్ రావాలని లెక్క రాసిపెట్టాడు. ఒక పరిశోధకుడి బతుకులో అది పెద్ద పద్దు. మూల్యాంకన పత్రంలో దానికి చోటెక్కడ?

స్వీయ అధ్యయన నివేదికలు రహస్య పత్రాలు కావు. కాలేజీ వెబ్‌సైటులో పెట్టాలి, పెడుతున్నారు కూడా. విద్యార్థి సంఘాలు వాటిని ముందేసుకుని చదవాలి. ఐదో ప్రమాణంలో చూపిన స్కాలర్‌షిప్ విద్యార్థుల సంఖ్య పక్కన, ఆ బ్యాచ్‌లో సర్టిఫికెట్ చేతికి రానివాళ్ళ సంఖ్య రాయాలి. నాలుగో ప్రమాణంలో చూపిన ల్యాబ్ ఖర్చు పక్కన, ఆ ల్యాబ్ తాళం వారంలో ఎన్ని గంటలు తీశారో రాయాలి. అధ్యాపకుల జాబితా పక్కన సామాజిక వర్గం గడి మనమే గీయాలి. ఈ మూడూ కలిపి ఒక పట్టికగా చేసి, తర్వాతిసారి మూల్యాంకనం ఏ రూపంలో జరిగినా, కాలేజీ నివేదికతో పాటు మన పట్టిక కూడా న్యాక్‌కు పంపాలి.